కుషిరోలో నాలుగు రాత్రులు: చిత్తడి నేలల అంచునున్న జపాన్ రేవు పట్నానికి వెళ్ళి ఉండిరావడానికి సమగ్ర మార్గదర్శి

హొక్కైడో దీవి తూర్పు తీరంలోని కుషిరోకు మనవాళ్ళు వెళ్ళడమే తక్కువ. వెళ్ళినవారు కూడా ఒక రాత్రి పడుకుని, మరునాడు పొగమంచులో ఏమీ కనిపించక, మధ్యాహ్నం రైలెక్కి సప్పొరోకు తిరిగిపోతుంటారు. వారికి ఊరు నచ్చకపోవడంలో వింత లేదు, ఎందుకంటే వారు ఊరిని చూడనే లేదు. ఇక్కడ చూడదగినవన్నీ వాతావరణం కరుణించినప్పుడే కనిపిస్తాయి. అందుకని కుషిరో ప్రయాణానికి నేను పెట్టుకోమనే నియమం ఒక్కటే: చూడాలనుకున్న ప్రతిదానికీ రెండు పూటలు అట్టిపెట్టుకోవాలి. కింద చెప్పిన ఏర్పాట్లన్నీ ఈ నియమం చుట్టూ అల్లినవే.

మొదటి అడుగు: ఊరి నైసర్గిక స్వరూపం తెలుసుకోవడం

కుషిరో సుమారు లక్షన్నర జనాభా ఉన్న రేవు పట్నం. ఒకప్పుడు చేపల దిగుబడిలో జపాన్‌లోనే మొదటి స్థానంలో ఏళ్ళ తరబడి నిలిచింది. బొగ్గు, కాగితం, చేపలు అనే మూడింటి మీద ఆధారపడి పెరిగి, ఆ మూడూ తగ్గుముఖం పట్టడంతో తానూ నెమ్మదించింది. పెద్ద గని 2002లో మూతపడింది. స్టేషన్ ముందున్న వెడల్పాటి వీధుల్లో మూసిన దుకాణాలు చాలానే కనిపిస్తాయి. కళకళలాడే బజారు కోసం వచ్చేవారికి ఇది నిరాశ కలిగించవచ్చు గానీ, నిశ్శబ్దం కోరి వచ్చేవారికి ఇంతకన్నా అనువైన చోటు అరుదు.

ఊరికి దక్షిణాన పసిఫిక్ సముద్రం, ఉత్తరాన కుషిరో చిత్తడి నేలలు ఉన్నాయి. జపాన్‌లోని చిత్తడి నేలలన్నింటిలో ఇదే పెద్దది. చిత్తడి నేలల పరిరక్షణకు దేశాలు చేసుకున్న రామ్‌సార్ ఒప్పందం కింద 1980లో ఆ దేశం నుంచి మొట్టమొదట నమోదైనదీ ఇదే. 1987లో దీన్ని జాతీయ పార్కు చేశారు, ఇప్పుడు దాని విస్తీర్ణం దాదాపు 28,800 హెక్టార్లు. మన కొల్లేరు 2002లో ఆ జాబితాకెక్కింది కనుక రెంటినీ పోల్చుకోవాలనిపించడం సహజమే. అయితే కొల్లేరు రెండు నదుల డెల్టాల నడుమ నిలిచిన లోతు తక్కువ సరస్సు. కుషిరో చిత్తడి అలాంటిది కాదు. సుమారు ఆరు వేల ఏళ్ళ కిందట అది సముద్రపు పాయ. నీరు వెనక్కి తగ్గాక మొలిచిన రెల్లూ తుంగా చలివల్ల పూర్తిగా కుళ్ళకుండా ఏటికేడు ఒకదానిపై ఒకటి పేరుకుని, మీటర్ల మందాన మెత్తని పీట్ నేలగా మారాయి. దానిమీద అడుగు పెడితే తడిసిన పరుపు మీద నిలబడినట్టు ఉంటుంది. చెక్క వంతెన దారులు దిగి నడవవద్దని చెప్పడానికి ఇదొక కారణం. రెండో కారణం అక్కడివారు యాచిమనాకో అని పిలిచే గుంటలు. పైకి చిన్న నీటి మడుగులా కనిపించే వాటిలో కొన్ని మనిషి నిలువును మించిన లోతుంటాయి.

ఇళ్ళు, కర్మాగారాలు చిత్తడి దక్షిణపు అంచులోకి చొచ్చుకువస్తూనే ఉన్నాయి. ఈమధ్య ఆ అంచున సౌర ఫలకాలు పరవడం పెద్ద వివాదమై, 2025 జూన్‌లో నగరపాలక సంస్థే ఇక భారీ సౌర కేంద్రాలు వద్దని బహిరంగంగా ప్రకటించింది. రైల్లో వెళ్ళేటప్పుడు గడ్డి నడుమ నల్లని పలకల వరుసలు కనిపిస్తే వాటి కథ ఇదన్నమాట.

రెండో అడుగు: కాలాన్ని ఎంచుకోవడం

కుషిరోకు రెండు ముఖాలున్నాయి. ఏ ముఖం చూడాలో ముందే తేల్చుకోకపోతే తక్కిన ఏర్పాట్లేవీ కుదరవు.

ఒకటి వేసవి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా చిత్తడి పచ్చగా ఉంటుంది. ఆగస్టులో కూడా పగటి వేడి సాధారణంగా 21, 22 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. తోక్యో ఉక్కపోత తట్టుకోలేని జపాన్ వృద్ధ దంపతులు ఈ చల్లదనం కోసమే వారాల తరబడి, కొందరు నెలల తరబడి ఇక్కడ గదులు తీసుకుని ఉంటారు, నగరం కూడా వారిని పనిగట్టుకుని ఆహ్వానిస్తుంది. ఈ చల్లదనానికి మూలం పొగమంచే. దక్షిణం నుంచి వచ్చే తేమగాలి, ఒయాషియో అనే చల్లని సముద్ర ప్రవాహం మీదుగా సాగేటప్పుడు చిక్కబడి ఊరిమీదికి వస్తుంది. సన్నని తుంపరగా మారి ముఖానికి తగిలే పొగమంచును స్థానికులు జిరి అంటారు. గొడుగుకు అది లొంగదు, తలమీద టోపీ ఉన్న పలుచని వానకోటే పనికొస్తుంది. తెలుసుకోవలసిన కిటుకు ఒకటుంది: ఊరు మంచులో మునిగి ఉన్న రోజున కూడా, ఇరవై ముప్ఫై కిలోమీటర్లు లోపలికి వెళితే తరచుగా ఎండ కాస్తుంటుంది. హోటల్ కిటికీలోంచి చూసి ప్రయాణం మానుకోకండి.

రెండోది శీతకాలం. డిసెంబరు నుంచి మార్చి మొదటి వారాల వరకు ఆకాశం నిర్మలంగా ఉంటుంది. హొక్కైడో పడమటి తీరంతో పోలిస్తే మంచు తక్కువే కురుస్తుంది, చలి మాత్రం గట్టిగానే పట్టుకుంటుంది. ఊళ్ళో తెల్లవారుజామున సున్నాకు పది డిగ్రీల దిగువ మామూలు, లోపలి గ్రామాల్లో ఇరవై దిగువకూ పోతుంది. నడినెత్తిన ఎర్రమచ్చ ఉండే తాంచో కొంగల్ని దగ్గరగా చూడాలంటే వెళ్ళవలసింది అప్పుడే.

ఏప్రిల్, మే నెలల్లో గడ్డి ఇంకా ఎండి గోధుమరంగులో ఉంటుంది. నాకు అది అందంగానే తోస్తుంది గానీ, జీవితంలో ఒక్కసారి వెళ్ళేవారికి సలహా ఇవ్వను. సెప్టెంబరు చివర, అక్టోబరు మాత్రం విడిగా చెప్పుకోవాలి: పొగమంచు తగ్గుతుంది, రెల్లు బంగారు రంగుకు తిరుగుతుంది, సూర్యాస్తమయాలు ఏడాదిలోకెల్లా బాగుంటాయి.

ఎక్కువమంది పట్టించుకోని సంగతి మరొకటి. కుషిరో జపాన్ తూర్పు కొసన ఉండడం వల్ల, జూన్‌లో ఉదయం మూడూ నలభై ప్రాంతానికే సూర్యోదయమవుతుంది. డిసెంబరులో మధ్యాహ్నం నాలుగు కాకముందే చీకటి పడుతుంది. చలికాలంలో తొమ్మిదింటికి టిఫిను చేసి పదకొండుకు బయల్దేరితే రోజు సగం పోయినట్టే. ఎండాకాలంలో గది తెరలు గట్టిగా మూసుకోకపోతే నిద్ర పట్టదు.

మూడో అడుగు: వీసా, ప్రయాణం, పెట్టె

ఆంధ్రప్రదేశ్, తెలంగాణవారి దరఖాస్తులు చెన్నైలోని జపాన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తాయి, కాగితాలు మాత్రం హైదరాబాద్‌లోని వీఎఫ్‌ఎస్ కేంద్రంలోనే ఇవ్వవచ్చు. రోజువారీ ప్రయాణ పట్టిక అడుగుతారు కనుక, కుషిరోలో ఎన్ని రాత్రులో అందులో స్పష్టంగా రాయండి. పర్యాటక వీసా గరిష్ఠంగా 90 రోజులదే అయినా, మీకు అనుమతించిన రోజులెన్నో చేతికొచ్చిన వీసాలోనే చూసుకోవాలి. ఎలక్ట్రానిక్ వీసా వచ్చినవారు విమానాశ్రయంలో దాన్ని ఫోన్‌లో ఇంటర్నెట్ ద్వారానే తెరిచి చూపాలి. అచ్చు కాగితం గానీ స్క్రీన్‌షాట్ గానీ చెల్లదు, కాబట్టి డేటా పనిచేసే ఏర్పాటు ముందే ఉండాలి.

హైదరాబాద్ నుంచి ఢిల్లీ, బ్యాంకాక్, సింగపూర్, హాంకాంగ్‌లలో ఏదో ఒకచోట మారి తోక్యో చేరడం మామూలు దారి. తోక్యోలోని హనేదా విమానాశ్రయం నుంచి కుషిరో విమానానికి సుమారు గంటా నలభై నిమిషాలు పడుతుంది. కుషిరో విమానాశ్రయం పేరులోనే తాంచో ఉంది. అక్కడినుంచి స్టేషన్‌కు బస్సులో ముప్పావుగంట ప్రయాణం, బస్సు వేళలు విమానాల రాకను బట్టి ఉంటాయి గనుక సామాను అందగానే నేరుగా బయటికి రావాలి. రెండో దారి సప్పొరో నుంచి ఓజొరా ఎక్స్‌ప్రెస్. నాలుగు గంటలకు పైగా సాగే ఈ రైల్లో అన్నీ రిజర్వేషన్ సీట్లే, హొక్కైడో రైల్ పాస్ చెల్లుతుంది. వెళ్ళేటప్పుడు విమానం, వచ్చేటప్పుడు రైలు అయితే బాగుంటుంది. కుషిరోలో బయల్దేరాక మొదటి గంటలో రైలు చాలాదూరం సముద్రం పక్కగా పోతుంది, పడుకుని పోగొట్టుకోవద్దు.

పెట్టె సర్దేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పవు. మాంసం కలిసిన ఏ పదార్థాన్నీ జపాన్‌లోకి తీసుకుపోకూడదు, కోడి పచ్చడి సీసా అయినా సరే. పచ్చి కరివేపాకు, పండ్లు, కూరగాయలు ఆరోగ్య ధృవపత్రం లేకుండా వద్దు. సీలు వేసిన కందిపొడి, పులిహోర పేస్టు, నిమ్మకాయ ఊరగాయ వంటివి పెట్టుకుని కస్టమ్స్ పత్రంలో నిజం రాయండి. మందుల విషయంలో ఆ దేశం మరీ కఠినం. మనకు మామూలుగా దొరికే కొన్ని దగ్గు, జలుబు మందుల్లో ఉండే కోడీన్, సూడోఎఫిడ్రిన్ ఒక మోతాదు దాటితే అక్కడ నిషిద్ధం. వైద్యుడు రాసిన మందులు నెలకు మించి కావలసినవారు ముందే అనుమతి తెచ్చుకోవాలి. ఇక కరెంటు 100 వోల్టులు, ప్లగ్గుకు రెండు పలుచని పలకలు. ఇక్కడి 230 వోల్టుల రైస్ కుక్కర్ మోసుకుపోతే అది అక్కడ ఉత్త గిన్నె.

నాలుగో అడుగు: బస ఎక్కడ

రెండు చోట్లే పరిశీలించాలి. స్టేషన్ చుట్టుపక్కల ఉంటే ఉదయపు రైళ్ళు, బస్సులు, వాషో చేపల మార్కెట్ అన్నీ నడక దూరంలో ఉంటాయి. అక్కడికి పదిహేను నిమిషాల నడకలో, కుషిరో నది మీది నుసామాయి వంతెన దగ్గర ఉంటే సాయంత్రాలు బాగుంటాయి. మూడు నాలుగు రాత్రులకైతే స్టేషన్ వైపే నా ఓటు. వారం దాటితే నది వైపు, వంటగది ఉన్న నెలవారీ గది చూసుకోవాలి. ఇలాంటి గదుల్లో వాషింగ్ మెషీన్, చిన్న పొయ్యి, ఫ్రిజ్ ఉంటాయి. వేసవికి ఏసీ లేని గదులు కూడా ఉంటాయి, అదేమీ లోటు కాదు. చెత్త విషయం మాత్రం గది ఇచ్చేవారిని మొదటిరోజే అడిగి తెలుసుకోవాలి. మండేవి, మండనివి, ప్లాస్టిక్, సీసాలు వేరు చేసి, ఏ రోజుది ఆ రోజున పెట్టాలి. సంచి తప్పయితే దాన్ని తీసుకుపోకుండా అక్కడే వదిలేస్తారు, ఇరుగుపొరుగు ముందు తల దించుకోవలసింది మనమే.

శీతకాలంలో కొంగల కోసమే వెళ్ళేవారు ఒకటి రెండు రాత్రులు త్సురుయి గ్రామంలోని చిన్న సత్రాల్లో ఉండాలి. కారణం కొంగల దగ్గర చెబుతాను.

ఐదో అడుగు: తూర్పు అంచు, రైలు దారి

చిత్తడిని చూడడానికి రెండు వైపుల నుంచి రెండు దారులున్నాయి, వీటిని ఒకేరోజు ఇరికించకండి. తూర్పు వైపు సెన్‌మో రైలుమార్గం పోతుంది. కుషిరో నుంచి బయల్దేరితే ఎడమచేతి వైపు కూర్చోవాలి, చిత్తడి అటే ఉంటుంది.

ఒకే పెట్టె ఉన్న డీజిల్ రైలు అది. టికెట్ కలెక్టరు ఉండడు, డ్రైవరే అన్నీ. కుషిరోలో టికెట్ కొనుక్కుని ఎక్కుతాం గనుక సమస్య లేదు. తిరుగు ప్రయాణంలో, మనిషి లేని చిన్న స్టేషన్‌లో ఎక్కేటప్పుడు, తలుపు పక్కనున్న పెట్టెలోంచి నంబరు వేసిన చీటీ లాగి తీసుకోవాలి. డ్రైవరు తలపై ఉన్న బోర్డులో ఆ నంబరు కింద మనం ఇవ్వవలసిన సొమ్ము కనిపిస్తుంది, స్టేషన్లు దాటుతున్నకొద్దీ పెరుగుతూ ఉంటుంది. చిల్లర లేకపోతే డబ్బు వేసే డబ్బా పక్కనున్న యంత్రంలో వెయ్యి యెన్‌ల నోటు మార్చుకోవాలి, రైలు ఆగాక కాదు, ముందే. తోక్యోలో వాడిన సుయికా వంటి కార్డులు ఈ మార్గంలో చెల్లవు. ఊరు దాటాక రైలు ఉన్నట్టుండి హారన్ కొట్టి నెమ్మదిస్తే కంగారు పడకండి, పట్టాల మీద ఎజో జింకలు నిలబడి ఉంటాయి. అవి వెనక్కి తిరిగి ఒకసారి రైలును పరికించి, తీరిగ్గా గడ్డిలోకి దిగిపోయేదాకా డ్రైవరు ఓపిక పడతాడు.

మొదటి మజిలీ కుషిరో షిత్సుగెన్ స్టేషన్, ఇరవై నిమిషాల ప్రయాణం. ఇక్కడ ఒక పొరపాటు ఎందరో చేస్తారు. చూడవలసిన ఎత్తైన చోటు పేరు హోసోఓకా, ఈ స్టేషన్ తరువాతిదాని పేరూ హోసోఓకాయే. పేరు చూసి అక్కడ దిగితే అడవి దారిలో చాలా దూరం వెనక్కి నడవాలి. దిగవలసింది కుషిరో షిత్సుగెన్‌లోనే, అక్కడినుంచి మెట్లదారిన పది నిమిషాలు ఎక్కితే హోసోఓకా వస్తుంది. మీరు ఎక్కే రైలు ఆ స్టేషన్‌లో ఆగుతుందో లేదో ముందే చూసుకోండి.

పైన నిలబడితే కుషిరో నది కిందుగా మెలికలు తిరుగుతూ, ఒక వంపు తన వెనకటి వంపును తాకబోయి ఆగిపోయినట్టు కనిపిస్తుంది. నీటి అంచున నల్లని ఆల్డర్ చెట్ల గుంపులు, వాటి అవతల కనుచూపు మేర రెల్లు, తేటగా ఉన్న రోజున దూరాన అకాన్ పర్వతాలు. ఫోటోల్లో చూసినప్పుడు ఇంత చదునైన నేలలో ఏముందనిపిస్తుంది, అక్కడ అరగంట కూర్చుంటే గానీ అది ఎంత పెద్దదో తెలియదు. మేఘపు నీడ ఒకటి పడమటి కొస నుంచి బయల్దేరి మన కాళ్ళకిందికి రావడానికి ఎంతసేపు పడుతుందో చూడండి.

ఈ మార్గంలో రోజుకు ఒక్కో దిక్కున నడిచే రైళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు, ఒకటి తప్పితే తరువాతిదానికి రెండు మూడు గంటలు నిరీక్షించాలి. అందుచేత వెళ్ళే రైలు కన్నా తిరిగొచ్చే రైలు వేళను ముందు నిర్ణయించుకుని, దాన్నిబట్టి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. సూర్యాస్తమయం కోసం పైన ఆగిపోయి, చీకట్లో మెట్లు దిగి, రైలు తోక దీపం చూడడం ఏమంత అరుదు కాదు. దగ్గర్లో దుకాణం ఉండదు గనుక నీళ్ళు, తిండి వెంట ఉంచుకోండి. అడవిలో గోధుమరంగు ఎలుగుబంట్లు ఉన్నాయి, చిరుగంట ఒకటి సంచికి కట్టుకుని నడిస్తే మంచిది.

ఇంకొంచెం ముందుకుపోతే టొరో. హొక్కైడో ఆదివాసులైన ఐనుల భాషలో సరస్సు ఉన్న చోటు అనే అర్థమిచ్చే మాట నుంచి ఆ పేరు వచ్చింది. ఇక్కడినుంచి కెనూ పడవలో కుషిరో నది మీదుగా హోసోఓకా వైపు దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, రెండు గంటలు సాగవచ్చు. నడిపేవాడు వెంట ఉంటాడు, మనం తెడ్డు వేసినా వేయకపోయినా ప్రవాహమే తీసుకుపోతుంది. కుటుంబంతో వెళ్ళేవారు ఖర్చుకు వెనకాడకుండా దీన్ని పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. చిత్తడిని పైనుంచి చూడడం వేరు, రెల్లు మన తలలకన్నా ఎత్తుగా ఉండగా దాని నడుమ పోవడం వేరు.

వెచ్చని నెలల్లో ఈ దారిలో నెమ్మదిగా నడిచే పర్యాటక రైలు, జనవరి చివరి నుంచి ఆవిరి ఇంజన్ రైలు ఉంటాయి. పర్యాటక రైళ్ళ పేర్లూ వేళలూ మారుతుంటాయి, ఆ యేటి పట్టిక అక్కడి రైల్వే సంస్థ జేఆర్ హొక్కైడో సైట్లో చూసి సీటు ముందే తీసుకోవాలి.

ఆరో అడుగు: పడమటి అంచు, నడక దారి

పడమటి వైపుకు స్టేషన్ ముందునుంచి అకాన్ బస్సు, త్సురుయి వెళ్ళేది, ఎక్కాలి. నలభై నిమిషాలకు కుషిరో నగర చిత్తడి వీక్షణశాల వస్తుంది. దాన్ని రూపొందించిన మొజునా కికో అనే వాస్తుశిల్పి ఈ ఊరివాడే. చిత్తడిలో తుంగ దుబ్బులు చలికి పైకి లేచి, చుట్టూ మట్టి కొట్టుకుపోయి, జుట్టు విరబోసుకున్న తలల్లా నిలుస్తాయి. వాటిని యాచిబోజు అంటారు, అంటే చిత్తడిలోని సన్యాసి. భవనానికి ఆయన ఆ ఆకారమే ఇచ్చాడు. భవనం చూసి తిరిగొచ్చేయకుండా, దాని వెనుక మొదలయ్యే రెండున్నర కిలోమీటర్ల చెక్కదారి తిరగండి.

అక్కడినుంచి పాత చిన్నరైలు కట్ట మీదుగా, గంటసేపు నడిస్తే ఒన్నెనాయి సందర్శక కేంద్రం. అక్కడి చెక్కదారి నేరుగా చిత్తడి మధ్యలోకి పోతుంది, నిజమైన యాచిబోజులు కాలి పక్కనే కనిపిస్తాయి. మెట్లు ఎక్కడం కష్టమైన పెద్దవాళ్ళు వెంట ఉంటే తక్కినవి వదిలి ఇక్కడికే రావాలి, నేల చదునుగా ఉంటుంది. జూలైలో దోమలు, జోరీగలు తప్పవు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. గడ్డిలో పురుగులు కరిచే అవకాశం ఉంది గనుక గదికి చేరాక కాళ్ళు, నడుము చూసుకోవాలి.

ఏడో అడుగు: తాంచో కొంగలు

కొంగ అనగానే మన చెరువు గట్టు మీది తెల్లకొంగను ఊహించుకోవద్దు. తాంచో సారస జాతిది, నిలబడితే నాలుగున్నర అడుగుల పైమాటే, రెక్కలు చాస్తే ఎనిమిది అడుగులు. ఒళ్ళు తెలుపు, మెడ నలుపు, నడినెత్తిన కుంకుమ పెట్టినట్టు ఎర్రని మచ్చ. వేటాడి, నేలను పంటపొలాలు చేసి దాన్ని హొక్కైడోలో పూర్తిగా అంతరింపజేశామని అనుకున్న తరువాత, 1924లో ఈ చిత్తడిలో పదిపన్నెండు పక్షులు మిగిలి ఉన్నట్టు కనుగొన్నారు. 1950ల మొదట్లో కఠినమైన చలికాలాల్లో రైతులు, బడిపిల్లలు మొక్కజొన్నలు చల్లి వాటిని బతికించడం నేర్చారు. ఇప్పుడవి పదిహేను వందలు దాటాయి. ఒకేచోట గుమిగూడితే రోగం వచ్చి అన్నీ పోయే ప్రమాదముందని, ప్రభుత్వం ఆ మేత తగ్గిస్తూ వస్తోంది.

వేసవిలో అవి జంటలుగా విడిపోయి గూళ్ళు కట్టుకోవడానికి చిత్తడి లోపలికి పోతాయి, దూరం నుంచి తెల్లని చుక్కల్లా కనిపిస్తే అదృష్టమే. పిల్లలకు తప్పక చూపించాలంటే విమానాశ్రయం దారిలోని తాంచో సహజ ఉద్యానానికి తీసుకెళ్ళవచ్చు. నవంబరు నుంచి మార్చి వరకు మాత్రం త్సురుయి గ్రామంలోని త్సురుమిదాయి, ఇతో తాంచో అభయారణ్యం అనే మేత పొలాలకు అవే వస్తాయి. ఫిబ్రవరిలో జంట పక్షులు ఎగిరి, తల వంచి, రెక్కలు విప్పి ఆడతాయి. ఒకటి కూయగానే రెండోది దానికి జవాబిస్తుంది, ఆ కూత మంచుపొలం మీదుగా చాలా దూరం పోతుంది.

త్సురుయిలో రాత్రి ఉండమన్నది ఒతొవా వంతెన కోసం. రాత్రిళ్ళు కొంగలు గడ్డకట్టని సెత్సురి నదిలో, నీళ్ళలోనే నిలబడి నిద్రపోతాయి. తెల్లవారు చలి సున్నాకు పదిహేను డిగ్రీల దిగువకు పోయినప్పుడు నీటిమీద ఆవిరి లేస్తుంది, ఒడ్డున చెట్లకు తెల్లని మంచుపూత పడుతుంది, సూర్యుడు వచ్చాక ఆ ఆవిరిలోంచి కొంగలు ఒక్కొక్కటీ మెడ బయటికి తీస్తాయి. ఆ వేళకు కుషిరో నుంచి బస్సు ఉండదు. సత్రం వారినో టాక్సీనో ముందురోజే మాట్లాడుకోవాలి. బ్యాటరీలు చలికి త్వరగా నీరసిస్తాయి, ఒకటి లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచండి. పొలాల్లోకి దిగకూడదు, పక్షుల్ని అరచి లేపకూడదు, డ్రోన్ ఊసే వద్దు.

కారు నడపగలవారికి ఒక సౌకర్యం: మన ఆర్టీఓ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ జపాన్‌లో చెల్లుతుంది, అక్కడా ఎడమవైపే నడపాలి. చలికాలంలో మాత్రం, మంచు రోడ్డు మీద ఎన్నడూ నడపనివారు మొదటి పాఠం ఇక్కడ నేర్చుకోవద్దు. కంటికి కనిపించని నల్లని మంచుపొర బ్రేకును ఖాతరు చేయదు.

ఎనిమిదో అడుగు: భోజనం

చేపలు తినేవారికి ఏ చింతా లేదు. స్టేషన్ దగ్గరి వాషో మార్కెట్ 1954 నుంచి ఉంది. అక్కడి కత్తెదోన్ అంటే మనిష్టం వచ్చిన గిన్నె అని చెప్పుకోవచ్చు. ముందు ఒక దుకాణంలో అన్నం గిన్నె కొనుక్కుని, దాన్ని పట్టుకుని చేపల దుకాణాల వరుసలో తిరుగుతూ, ఇక్కడొక సాల్మన్ ముక్క, అక్కడ రెండు స్కాలప్‌లు, మరోచోట చెంచాడు చేపగుడ్లు పెట్టించుకుంటూ ఎక్కడికక్కడ డబ్బు కట్టాలి. మొదటి దుకాణంలోనే గిన్నె నింపేసుకుంటే బిల్లు చూసి నోరు తెరుస్తాం. ఆదివారాలు చాలావరకు మూసి ఉంటుంది, ప్రయాణ పట్టిక వేసేటప్పుడే చూసుకోండి. రాత్రికి రొబాతాయాకి, అంటే బొగ్గు నిప్పుల మీద కాల్చిన చేపలు, ఈ ఊరి గర్వం. వెచ్చని నెలల్లో నది ఒడ్డున గుడారాల కింద మనమే కాల్చుకుని తినవచ్చు.

శాకాహారులు ముందే సిద్ధపడాలి. కూరగాయల వంటకమని చెప్పినా అందులోని దషి అనే చారు చాలాసార్లు ఎండుచేపతో కాచినదే. నికు మో సకానా మో తబేమసేన్ అంటే మాంసం, చేప రెండూ తిననని చెప్పడం. దషి మో దమే దెసు అని కలిపితే ఆ చారు కూడా వద్దని. ఇలా చెప్పాక కొన్ని చిన్న హోటళ్ళు చేతులు జోడించి మా దగ్గర ఏమీ లేదంటాయి, అది అవమానం కాదు, నిజాయితీ. అందుకే వంటగది ఉన్న గది మేలన్నాను. హొక్కైడో బంగాళాదుంపలు, మొక్కజొన్న, గుమ్మడి, పాలు దేశమంతటా పేరున్నవి. సూపర్‌మార్కెట్లో తియ్యదనం లేని పెరుగు డబ్బా దొరుకుతుంది, అయితే మనదంత పులుపుండదు. అక్కడి బియ్యం వండితే ముద్దముద్దగా అంటుకుపోతుంది. పులిహోరకు అది శుద్ధ దండగ గానీ, పెరుగన్నం కలిపి ఊరగాయ నంజుకుంటే ఇంటి రుచికి బాగా దగ్గరగా వస్తుంది.

తొమ్మిదో అడుగు: మంచు విడవని రోజు

పొగమంచు లోపలి దాకా పాకిన రోజున హరుతొరి సరస్సు గట్టు మీద నడవండి. ఊరి మధ్యనే ఉంది, చుట్టూ దారి ఐదు కిలోమీటర్లకు లోపే. ఒడ్డునే నగర మ్యూజియం ఉంది, చిత్తడి ఎలా ఏర్పడిందో, ఐనుల జీవితం ఎలా సాగిందో అక్కడ అర్థమవుతుంది. చిత్తడిని చూడకముందే దీన్ని చూస్తే ఇంకా లాభం. సాహిత్యం ఇష్టమైనవారు కవి ఇషికావా తకుబొకు జాడలు వెతుక్కోవచ్చు. 1908 చలికాలంలో ఇక్కడి పత్రికలో పనిచేస్తూ ఆయన ఈ ఊళ్ళో గడిపింది 76 రోజులే అయినా, ఊరు ఆయన్ని ఇంకా తనవాడిగానే చెప్పుకుంటుంది.

మంచు కాస్త తేలికపడిన సాయంత్రం నుసామాయి వంతెనకు వెళ్ళండి. నాలుగు రుతువులకు నాలుగు కంచు విగ్రహాలు వరసగా నిలబడి ఉంటాయి. ప్రపంచంలోని మూడు గొప్ప సూర్యాస్తమయాల్లో ఇదొకటని నావికులు చెప్పుకునేవారట. అంత మాట అవసరమా అనిపించినా, అక్టోబరులో నది మొత్తం ఎర్రబడి లంగరేసిన పడవలు నల్లని గీతల్లా మిగిలినప్పుడు ఎవరూ వాదనకు దిగరు.

పదో అడుగు: గదిలో దిగిన మొదటి పావుగంట

ఈ తీరంలో భూకంపాలు కొత్త కాదు, 1993 జనవరిలో వచ్చినది ఊరిని బాగా కుదిపింది. సునామీ హెచ్చరిక వస్తే ఆలోచించే సమయం ఉండదు. కనుక గదిలో దిగగానే తలుపు వెనకనున్న పటం చూసి, దగ్గరి ఆశ్రయ భవనం ఏదో గుర్తుపెట్టుకోండి. స్టేషన్ వైపు నేల పల్లం, నుసామాయి వంతెన దాటాక దక్షిణాన ఎత్తైన మెట్ట ఉంది. అయితే హెచ్చరిక మోగాక నదిని దాటే సాహసం చేయకుండా, ఉన్నచోటికి దగ్గరలోని ఎత్తైన భవనం మీదికే పోవాలి. పోలీసులకు 110, అంబులెన్సుకు 119. పటాన్ని ఫోన్‌తో ఫోటో తీసుకుని, ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా ఆ భవనం ఎక్కడుందో కిటికీలోంచి వేలుపెట్టి చూపించి, ఆ తరువాత పెట్టెలు విప్పండి.